కుంచం ఒక్కటే ఉండాలి

మన తాతలు, అమ్మమ్మలు చెప్పగా విన్న సంగతే. కామందు ఇంట్లో రెండు కుంచాలు ఉండేవి. కూలి గింజలు కొలిచేటప్పుడు ఒకటి బయటికొచ్చేది. అప్పు గింజలు తిరిగి కొలిపించుకునేటప్పుడు ఇంకొకటి బయటికొచ్చేది. చూడ్డానికి రెండూ కుంచాలే. ఒకటి సోలెడు తక్కువ, ఇంకొకటి సోలెడు ఎక్కువ. మనవాళ్ళకు ఇది తెలీక కాదు. అడిగితే రేపు పనిలోకి పిలవడు. అందుకని నోరు మూసుకుని కొంగులో పోయించుకుని ఇంటికొచ్చేవాళ్ళు.

కామందు చేసిన ఈ మోసం గురించి మనం సభల్లో చెప్పాం, పాటలు కట్టి పాడాం. మంచిదే. అయితే ఇవాళ మన చేతిలోకి కూడా రెండు కుంచాలు వచ్చి చేరాయి. ఎదటివాళ్ళ నాయకుణ్ణి కొలవడానికి ఒకటి, మన నాయకుణ్ణి కొలవడానికి ఒకటి. ఎవరి మీదో నెపం పెట్టి ఈ మాట అనడం లేదు. ఈ పత్రిక నడిపే మేమే ఆ పని చేశాం. అది ఒప్పుకోవడానికే ఈ సంపాదకీయం.

జరిగింది ఇది. మూడేళ్ళ కిందట మన జిల్లాలోనే ఒక ఊళ్ళో మన కుర్రాడొకడు బాకీపడ్డ కూలి డబ్బులు అడిగాడు. అడిగినందుకు కులం పేరు పెట్టి తిట్టి, చింతచెట్టుకు కట్టేసి కొట్టారు. చెయ్యి విరిగింది. పల్లె అంతా కదిలి పోలీసు స్టేషన్ ముందు కూర్చుంటే రెండో రోజు రాత్రికి అట్రాసిటీ కేసు కట్టారు. కూర్చున్నవాళ్ళ ముందు వరసలో మన నాయకుడొకాయన ఉన్నాడు. పేరున్న మనిషి. ఉద్యమంలో లాఠీ దెబ్బలు తిన్నాడు, జైలుకు పోయాడు. ఆయన ఉపన్యాసాలు ఈ పత్రికలో ఎన్నోసార్లు అచ్చేశాం.

నాలుగు నెలలు తిరక్కుండానే ఆ నాయకుడే ఊరి పెద్దమనుషులతో కలిసి ఒక రైసుమిల్లులో కూర్చుని రాజీ మాట్లాడాడు. కుర్రాణ్ణి అడగలేదు. తల్లిని పిలవలేదు. డబ్బు ఇంత అని తేల్చుకున్నారు. సాక్షులు కోర్టులో మాట మార్చాలని ఒప్పందం. ఆ డబ్బులో తల్లి చేతికి వచ్చింది సగం కూడా లేదు. మిగతాది ఎటు పోయిందో ఆయన ఇవాళ్టికీ చెప్పలేదు.

ఆ తల్లి ఒక సాయంత్రం బడి వదిలే వేళకు మా దగ్గరికొచ్చింది. "మాస్టారూ, మీ కాయితంలో ఎవరెవరి గురించో రాస్తారంట గదా. మా వోడి చెయ్యి అమ్ముకున్నోడి గురించి రాయరా?" అని అడిగింది. రాస్తామమ్మా అన్నాం. రాయలేదు.

ఎందుకు రాయలేదు? మాలో మేం చాలా కారణాలు చెప్పుకున్నాం. ఆయన ఎంతో చేసిన మనిషి, ఒక్క తప్పుకు నలుగురిలో నిలబెడితే ఎట్లా అనుకున్నాం. ఇప్పుడు రాస్తే అగ్రకులాలోళ్ళకు ఆయుధం చేతికిచ్చినట్టవుతుంది అనుకున్నాం. వాళ్ళ నాయకులు ఊళ్ళకు ఊళ్ళు మింగుతుంటే అడిగేవాడు లేడు, మనవాడి తప్పే కనపడిందా అనుకున్నాం. అదే పని ఒక అగ్రకుల ఎమ్మెల్యే చేసి ఉంటే ఏం చేసేవాళ్ళం? మొదటి పేజీలో పెద్ద అక్షరాల్లో వేసేవాళ్ళం. ధర్నాకు పిలుపిచ్చేవాళ్ళం. రెండు కుంచాలంటే ఇదే.

నీతి గురించి లోకంలో రెండు రకాల మాటలు వినపడతాయి. ఒక రకం వాళ్ళు, నీతి అనేది మారదు, అబద్ధం అబద్ధమే, తప్పు తప్పే, ఎవరు చేసినా ఎప్పుడు చేసినా ఒకటే అంటారు. ఇంకో రకం వాళ్ళు, రాజకీయాల్లో నీతేంటయ్యా, గెలిచినవాడిదే న్యాయం, పని అయ్యిందా లేదా అదే చూడు అంటారు. మన పల్లెల్లో ఇప్పుడు ఈ రెండో మాట బాగా చెల్లుబాటవుతోంది. రెండిటినీ నిలబెట్టి అడగాల్సిందే.

మొదటి మాట చూద్దాం. దొర కొట్టంలోంచి జీతగాడి పిల్లాడు పారిపోయొస్తే మన అవ్వ వాణ్ణి గడ్డివాములో దాచిపెట్టి "ఇటు రాలేదు దొరా" అంది. అబద్ధమే. ఆ అబద్ధానికి ఆవిడ నరకానికి పోతుందని ఏ శాస్త్రం చెప్పినా మనం నమ్మం. బలహీనుడి ప్రాణం కాపాడ్డానికి ఆడిన అబద్ధమూ, బలహీనుడి నోటికాడ కూడు లాక్కోడానికి ఆడిన అబద్ధమూ ఒక్కటి కాదు. పైగా మారని ధర్మం, సనాతన ధర్మం అని చెప్పినవాళ్ళు ఏ కుంచంతో కొలిచారో మనకు తెలుసు. మనుస్మృతిలో ఒకే నేరానికి బ్రాహ్మడికి ఒక శిక్ష, శూద్రుడికి ఇంకో శిక్ష. ధర్మం మారదన్నారు గానీ పుట్టుకను బట్టి కొలత మార్చారు. 1927 డిసెంబరు 25న మహద్‌లో బాబాసాహెబ్ అంబేడ్కర్ ఆధ్వర్యంలో ఆ పుస్తకాన్ని తగలబెట్టింది అందుకే.

అలాగని రెండో మాట పట్టుకుంటే మనకు మిగిలేదేంటి? నీతి లేదు, గెలుపే న్యాయం అంటే, వేల ఏళ్ళుగా గెలిచింది వాళ్ళు. అంటే వాళ్ళదే న్యాయం అనాలి. వెలివాడ న్యాయమే అనాలి. బలమే న్యాయమని ఒప్పుకున్న రోజున బలం లేనివాడు అడగడానికి నోరుండదు. తప్పు తప్పే అని గట్టిగా చెప్పాల్సిన అవసరం లోకంలో అందరికంటే మనకే ఎక్కువ.

మరి దారి ఏది? బాబాసాహెబ్ 1936లో అచ్చేసిన కులనిర్మూలన పుస్తకంలో ఒక తేడా చెప్పాడు. రూలు వేరు, సూత్రం వేరు అన్నాడు. రూలు ఇది చెయ్యి, అది చెయ్యొద్దు అని చెప్పి ఊరుకుంటుంది. సూత్రం నీ పనిని నువ్వే తూచుకునే కొలత ఇస్తుంది. రూలు ప్రకారం నడిచేవాడికి ఆలోచించే పని లేదు. సూత్రం ప్రకారం నడిచేవాడు తను చేసిన పనికి తనే జవాబుదారీ. కులం మన దేశంలో నీతిని కూడా కులానికే కట్టేసిందని, మనవాడైతే ఒప్పు, పరాయివాడైతే తప్పు అనే గుణం పుట్టించిందని కూడా ఆ పుస్తకంలోనే చెప్పాడు. ఆ మాట అగ్రకులాల గురించే అనుకుని చదువుకున్నాం. మన నాయకుడి సంగతి వచ్చేసరికి మేం పట్టుకుంది కూడా ఆ గుణమే.

ఈ కొలతతో బాబాసాహెబ్‌నే కొలిచి చూద్దాం. పూనా ఒడంబడిక సంగతి తీసుకోండి. 1932 ఆగస్టులో బ్రిటిష్ ప్రభుత్వం అంటరాని కులాలకు ప్రత్యేక నియోజకవర్గాలు ఇచ్చింది. రాష్ట్ర శాసనసభల్లో 71 సీట్లు. మన ఓటుతో మనమే మన మనిషిని ఎన్నుకునే హక్కు. దానికి వ్యతిరేకంగా గాంధీ సెప్టెంబరు 20న ఎరవాడ జైల్లో నిరాహారదీక్షకు కూర్చున్నాడు. 24న ఒడంబడిక మీద అంబేడ్కర్ సంతకం పెట్టాడు. సీట్లు 148కి పెరిగాయి. ప్రత్యేక ఓటు హక్కు పోయింది. అది కూడా రాజీయే గదా అని ఎవరైనా అడగొచ్చు. అవును, రాజీయే. కానీ ఆ రాజీ చీకట్లో జరగలేదు. ఏం వచ్చిందో ఏం పోయిందో కాయితం మీద ఉంది, ఎవరైనా లెక్క కట్టుకోవచ్చు. ఆయన జేబులోకి ఒక్క రూపాయి రాలేదు. గాంధీ ప్రాణం పోతే ఊళ్ళల్లో మన పల్లెల మీద ఏం జరిగేదో తెలిసిన మనిషి. ఆ తర్వాత ఆయన దాన్ని గొప్ప విజయమని డప్పు కొట్టుకోలేదు. 1945లో కాంగ్రెసు, గాంధీ అంటరానివాళ్ళకు చేసిందేమిటని రాసిన పుస్తకంలో, పోయింది ఎంత విలువైనదో ఆయనే విప్పి చెప్పాడు. 1947లో రాజ్యాంగ సభ ముందు పెట్టిన పత్రంలో ప్రత్యేక నియోజకవర్గాలు మళ్ళీ అడిగాడు.

రాజీ చేశాడా లేదా అన్న ఒక్క ప్రశ్నతో నాయకుణ్ణి తూచలేం. ఇంకో మూడు అడగాలి. ఎవరి కోసం చేశాడు? అందరికీ చెప్పి చేశాడా, దాచి చేశాడా? పోగొట్టింది పోగొట్టానని తర్వాత ఒప్పుకున్నాడా? అంబేడ్కర్ ఈ మూడు ప్రశ్నలకీ నిలబడతాడు. రైసుమిల్లులో కూర్చున్న మన నాయకుడు ఒక్కదానికీ నిలబడడు.

పదవి సంగతీ అంతే. 1947లో అంబేడ్కర్ నెహ్రూ మంత్రివర్గంలో చేరాడు. జీవితమంతా కాంగ్రెసుతో కొట్లాడిన మనిషి చేరాడు. చేరి రాజ్యాంగం పని చేశాడు. హిందూ కోడ్ బిల్లును నడవనివ్వకుండా చేసినప్పుడు, మన కులాల సంగతి పట్టించుకోనప్పుడు, 1951 సెప్టెంబరులో రాజీనామా చేసి బయటికొచ్చాడు. ఎందుకొచ్చాడో కారణాలన్నీ దేశానికి చెప్పాడు. ఇక్కడ మన దగ్గర చూడండి. 1985 జులై 17న కారంచేడులో ఆరుగురు మాదిగల్ని చంపినప్పుడు బొజ్జా తారకం గారు హైకోర్టులో ప్రభుత్వ న్యాయవాది పదవి వదిలేసి జనంలోకి వచ్చాడు. కుర్చీ ఎక్కడం తప్పని మేం అనడం లేదు. దిగాల్సిన రోజున దిగాడా లేదా అన్నదే కొలత.

ఇప్పుడు చేదు సంగతి ఒకటి. బంగారు లక్ష్మణ్ పేరు మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. హైదరాబాదు మనిషి, మనవాడు. బీజేపీకి అఖిల భారత అధ్యక్షుడైన మొదటి దళితుడు. 2001లో ఒక వార్తా సంస్థ వాళ్ళు ఆయుధాల వ్యాపారుల వేషం వేసుకుని వచ్చి లక్ష రూపాయలిస్తే తీసుకుంటూ కెమెరాకు దొరికాడు. 2012లో ఢిల్లీలో సీబీఐ ప్రత్యేక కోర్టు నాలుగేళ్ళ జైలు శిక్ష వేసింది. అప్పుడు మనవాళ్ళలో చాలామంది అన్నమాట ఏంటి? వేల కోట్లు మింగినోళ్ళు దర్జాగా తిరుగుతున్నారు, లక్ష రూపాయలకు దళితుణ్ణి జైల్లో పెట్టారు అని.

ఆ మాటలో నిజం ఉంది. మిగతావాళ్ళను ఎందుకు పట్టుకోలేదని అడగాల్సిందే. కానీ ఆ నిజం ఆయన తీసుకున్న డబ్బును కడిగెయ్యదు. రెండు మాటలూ ఒకే నోటితో చెప్పగలగాలి. తీసుకోవడం తప్పు. తీసుకున్న మిగతావాళ్ళను వదిలెయ్యడం ఇంకో తప్పు. ఒక తప్పును చూపించి ఇంకో తప్పును మాఫీ చేస్తే చివరికి ఎవరికి లాభం? కోట్లు మింగినోడికే. మనవాడి లక్షను మనం మాఫీ చేసిన రోజున వాళ్ళ కోట్లను అడిగే నోరు మనకు పోతుంది.

ఇక్కడే ఇంకో పేరు కూడా గుర్తు చేసుకోవాలి. దామోదరం సంజీవయ్య గారు. 1960లో ఈ రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయిన మొదటి దళితుడు. లంచగొండుల్ని పట్టే అవినీతి నిరోధక శాఖ ఆయన హయాంలోనే, 1961లో వచ్చింది. నీతి మాట మనకు బయటివాళ్ళు వచ్చి నేర్పాల్సిన మాట కాదు. మన ఇంట్లోనే ఉంది.

మన నాయకులు ఎందుకు ఇట్లా అవుతున్నారో తెలుసుకోవద్దా అని కొందరు మిత్రులు అడుగుతారు. తెలుసుకోవాలి. రిజర్వుడు సీటులో గెలవాలంటే మన ఓట్లు ఒక్కటే చాలవు. ఊరి ఓట్లు కావాలి, పార్టీ పెద్దల టిక్కెట్టు కావాలి. గెలిపించినవాళ్ళు వాళ్ళైతే మొక్కు కూడా వాళ్ళకే చెల్లించాలి. పూనా ఒడంబడిక జరిగి యాభై ఏళ్ళు నిండిన 1982లో కాన్షీరాం 'చంచా యుగం' అని పుస్తకం రాసి ఈ సంగతే విప్పి చెప్పాడు. పనిముట్టు తనంతట తాను తయారవదు, దాన్ని వాడుకునేవాడు తయారుచేసుకుంటాడు. కాబట్టి మన మీద మనమే ఉమ్మేసుకోవడంతో పని అయిపోదు, ఆ ఏర్పాటునే మార్చాలి. అది పెద్ద పోరాటం. కానీ కారణం తెలిసినంత మాత్రాన తప్పు ఒప్పు అయిపోదు. ఆకలితో దొంగతనం చేశాడంటే అర్థం చేసుకుంటాం. ఆకలితో ఉన్నవాడి గిన్నెలోంచి దొంగిలించాడంటే ఏం అర్థం చేసుకోవాలి?

మరి ఎప్పటికీ దాటకూడని గీతలు లేవా? ఉన్నాయి. పొత్తులు, సీట్లు, ఏ పార్టీతో నడవాలి, ఎప్పుడు ఆగాలి, ఇవన్నీ కాలాన్ని బట్టి మారతాయి. వీటి మీద మనలో మనం వాదించుకుందాం. ఓడిపోయినవాణ్ణి ద్రోహి అనొద్దు. కానీ మూడు గీతలు మాత్రం ఎవరికీ, ఎంత గొప్ప నాయకుడికీ సడలించడానికి లేదని మా నిర్ణయం.

ఒకటి. దెబ్బతిన్న మనిషిని అడక్కుండా ఆ మనిషి న్యాయాన్ని అమ్మకూడదు. చుండూరు తల్చుకోండి. 1991 ఆగస్టు 6న ఎనిమిది మందిని నరికారు. ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకుని, 2007లో తీర్పు వచ్చేదాకా 16 ఏళ్ళు జనం నిలబడ్డారు. 21 మందికి యావజ్జీవ శిక్ష పడింది. 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. కోర్టు ఓడించింది గానీ జనం అమ్ముడుపోలేదు. అలాంటి జనం ఉన్న నేల మీద, సాక్షుల్ని మాట మార్చమని చెప్పే హక్కు ఏ నాయకుడికీ లేదు. 1989లో అట్రాసిటీ చట్టం తెచ్చింది రైసుమిల్లులో బేరం పెట్టుకోవడానికి కాదు.

రెండు. ఆడమనిషి మీద చెయ్యెత్తినవాడు, ఆమెను వాడుకున్నవాడు నాయకుడు కాదు. బయట ఆత్మగౌరవం అని ఉపన్యాసం, ఇంట్లో పెళ్ళాం ఒంటి మీద వాతలు. ఇది ఇంటి గొడవ అని మనం పక్కకు తప్పుకుంటున్నాం. మన అక్కలు చెల్లెళ్ళు మీటింగుల్లో వెనక వరసలో కూర్చుని ఇదంతా చూస్తూనే ఉన్నారు. వాళ్ళు నోరు విప్పడం లేదంటే మనల్ని క్షమించారని కాదు. చెప్పినా వినరని వాళ్ళకు తెలుసు.

మూడు. పుట్టుకను బట్టి ఇంకో మనిషిని తక్కువ చేసి మాట్లాడకూడదు. ఈ గీత మనలో మనకు కూడా వర్తిస్తుంది. వర్గీకరణ మీద 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు తీర్పు వచ్చినప్పుడు మాలల్లో, మాదిగల్లో కొందరి నోటి వెంట వచ్చిన మాటలు ఊరి పెత్తందారు నోట వచ్చి ఉంటే కేసు పెట్టేవాళ్ళం. వర్గీకరణ మీద ఎవరి వాదన వాళ్ళు చెప్పుకోవచ్చు. ఎదటి పల్లె పుట్టుకను తిట్టే నాయకుడు మాత్రం ఏ పక్షంవాడైనా మనువు కుంచమే పట్టుకున్నట్టు లెక్క.

ఇవి చెప్తుంటే, నాయకుణ్ణి ఇట్లా నిలదీస్తే ఉద్యమం నిలబడుద్దా అని భయపడేవాళ్ళున్నారు. 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో బాబాసాహెబ్ ఇచ్చిన చివరి హెచ్చరికల్లో ఇదొకటి. మతంలో భక్తి మోక్షానికి దారి చూపిస్తే చూపించవచ్చు గానీ రాజకీయాల్లో భక్తి పతనానికీ నియంతృత్వానికీ దారి తీస్తుందన్నాడు. ఎంత గొప్పవాడైనా సరే, మన స్వేచ్ఛను తీసుకెళ్ళి అతని కాళ్ళ దగ్గర పెట్టొద్దన్నాడు. ఆ మాట చెప్పిన మనిషి ఫోటోకే మనం హారతులిచ్చి, ఆ మాట మర్చిపోతే ఎట్లా?

నిలదియ్యడానికీ ఒక పద్ధతి ఉంది. రచ్చబండ దగ్గర వచ్చిన పుకారు పట్టుకుని మనిషిని చంపెయ్యడం కొలవడం కాదు. మనవాళ్ళ మీద దొంగ ఆరోపణలు పుట్టించడం పెత్తందార్లకు కొత్త కాదు. అందుకే ఆ నాయకుడి పేరు ఈ సంచికలో వెయ్యడం లేదు. ఆయనకు మేం కబురు పంపాం. ఆ పల్లెలో, ఆ తల్లి ముందు కూర్చుని జవాబు చెప్పమన్నాం. ఆయన మాట కూడా వింటాం. మేం చెప్పింది తప్పని తేలితే ఇదే పేజీలో క్షమాపణ అడుగుతాం. రాకపోతే, వచ్చినా లెక్క చెప్పకపోతే, వచ్చే సంచికలో పేరుతో సహా రాస్తాం. ఆయన ఉపన్యాసాలు అచ్చేసిన పేజీలోనే రాస్తాం.

ఊళ్ళల్లో సంఘాలు నడిపే మిత్రులకు మా సూచనలు ఇవి. అట్రాసిటీ కేసు గురించి ఏ మాట అయినా బాధితుల ఇంటి గుమ్మం ముందు, పల్లె అందరి మధ్య జరగాలి. మిల్లుల్లో, లాడ్జీల్లో కాదు. వసూలు చేసిన చందాల లెక్క ఏప్రిల్ 14న జయంతి సభలో, దండలు వెయ్యకముందే, గట్టిగా చదివి వినిపించాలి. సంఘం కమిటీలో ఆడవాళ్ళు సగం ఉండాలి, వాళ్ళు పెట్టిన ఫిర్యాదు మొదట వినాలి. ఈ పత్రిక లెక్క కూడా మీరు అడగండి. ఎవరు ఎంత చందా ఇచ్చారో, అచ్చుకు ఎంత అయ్యిందో వచ్చే సంచిక చివరి పేజీలో వేస్తున్నాం.

ఇది అచ్చుకు వెళ్ళేముందు మేం ఆ తల్లి ఇంటికి వెళ్ళాం. రాసింది చదివి వినిపించాం. చివరిదాకా వినింది. "మూడేళ్ళు పట్టింది గదా మాస్టారూ" అని మాత్రం అంది. మా దగ్గర జవాబు లేదు. కుర్రాడు ఇంట్లోనే ఉన్నాడు. చెయ్యి ఇంకా పూర్తిగా పైకి లేవడం లేదు. కేసు ఇంకా కోర్టులోనే ఉంది. మాట మార్చమని చెప్పిన సాక్షుల్లో ఇద్దరు మేం నిలబడతామని ఇప్పుడు ముందుకొచ్చారు. ఆ ఇద్దరితో పాటు కోర్టుకు ఎవరెవరు వెళ్తారో ఈ వారమే పేర్లు రాసుకుందాం.

అక్కలారా, అన్నలారా! కామందు కుంచాన్ని మన తాతలు ప్రశ్నించలేకపోయారు. వాళ్ళకు పని పోతుందన్న భయం ఉంది. మనకేం భయం? మన నాయకుడు మనల్ని పనిలోకి పిలవడా?

జై భీం.